ఐఎన్ఎస్ గోదావరి: ఒక క్షిపణి ఫ్రిగేట్ 32 ఏళ్ళలో నిజంగా చేసిన పనేమిటి?

2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఉదయగిరి, హిమగిరి అనే రెండు యుద్ధనౌకలు ఒకే రోజు నౌకాదళంలో చేరాయి. ఒకటి ముంబైలో, మరొకటి కోల్‌కతాలో కట్టినవి. వాటి గురించి రాసిన వార్తల్లో "గైడెడ్ మిసైల్ స్టెల్త్ ఫ్రిగేట్" అనే మాట కనిపించింది. స్టెల్త్ అంటే రాడార్‌కు తేలిగ్గా చిక్కనిది. ఆ వార్తలు చదివిన చాలామందికి కొన్ని సందేహాలు వచ్చాయి. ఈ పేర్లతో నౌకలు 1970లలోనే ఉండేవి కదా, మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఫ్రిగేట్ పెద్దదా, డిస్ట్రాయర్ పెద్దదా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: యుద్ధం లేని రోజుల్లో క్షిపణులు మోసుకుని తిరిగే ఇంత ఖరీదైన నౌకకు పనేమిటి?

వీటికి జవాబు కొత్త నౌకల్లో దొరకదు, వాటి సేవ ఇప్పుడే మొదలైంది. మొదటి నుంచి చివరి దాకా సేవ పూర్తి చేసిన నౌకను తీసుకోవాలి. మన నది పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ గోదావరి ఇందుకు బాగా సరిపోతుంది. 1983 డిసెంబర్ 10న నౌకాదళంలో చేరి, 2015 డిసెంబర్ 23న తప్పుకుంది. దాని స్థావరం ముంబై. దేశంలోనే డిజైన్ చేసి కట్టిన క్షిపణి ఫ్రిగేట్లలో ఇదే మొదటిది.

ఒకే పేరు, మూడు నౌకలు

ముందు ఒక చిక్కు విడదీయాలి. "గోదావరి" అనే యుద్ధనౌకలు మూడు ఉన్నాయి. ఒకదాని చరిత్ర ఇంకొకదానికి అంటగట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది.

మొదటిది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ ఇండియన్ నేవీ కోసం బ్రిటన్‌లో కట్టిన స్లూప్. సరుకు ఓడల వెంట కాపలాగా వెళ్ళే చిన్న యుద్ధనౌకను స్లూప్ అనేవారు. 1943లో సేవలో చేరింది. దేశ విభజనప్పుడు ఆస్తులతో పాటు యుద్ధనౌకలనూ పంచుకున్నారు. ఆ పంపకంలో గోదావరి పాకిస్తాన్ వాటాకు వెళ్ళి "సింధ్" అని పేరు మార్చుకుంది.

రెండో గోదావరి ఇంకా చిత్రమైనది. అది హెచ్ఎంఎస్ బెడేల్ పేరుతో బ్రిటన్‌లో తయారైంది. 1942లో పోలండ్ నౌకాదళం చేతికి వెళ్ళి "స్లాంజాక్" అయింది. అదే ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్ తీరంలోని డియెప్‌పై జరిగిన దాడిలో పాల్గొంది. 1953లో భారత్‌కు వచ్చి గోదావరి అయింది. దానితో పాటు అదే తరగతికి చెందిన మరో రెండు పాత బ్రిటిష్ నౌకలు గంగ, గోమతి పేర్లతో వచ్చాయి.

మూడోదే మన కథలోది. దీని తోటి నౌకల పేర్లు కూడా గంగ, గోమతే. పాత నౌక తప్పుకున్నాక దాని పేరును కొత్త నౌకకు పెట్టడం నౌకాదళాల్లో ఆనవాయితీ. విశాఖలో చేరిన ఉదయగిరి, హిమగిరి పేర్లు కూడా అలాగే తిరిగి వచ్చాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన నౌక ఒకటే కాదు. నౌక పక్కన పెద్ద అక్షరాలతో రాసే గుర్తింపు సంఖ్య చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. ఈ గోదావరి సంఖ్య ఎఫ్ 20.

ఫ్రిగేట్ అని దేన్ని అంటారు

మామూలుగా చెప్పే వరుస ఇది: అన్నిటికంటే చిన్నది కార్వెట్, తర్వాత ఫ్రిగేట్, ఆపైన డిస్ట్రాయర్. తీరానికి దగ్గరగా ఒకటి రెండు పనులు చేసేది కార్వెట్. నడి సముద్రంలో రోజుల తరబడి ఉండి జలాంతర్గాములు, నౌకలు, విమానాలు మూడింటితోనూ తలపడగలిగేది ఫ్రిగేట్. అవే పనులు ఇంకా ఎక్కువ ఆయుధాలతో చేస్తూ, పెద్ద నౌకాదళ బృందానికి వాయు రక్షణ ఇచ్చేది డిస్ట్రాయర్.

చిక్కేమిటంటే ఈ వరుసకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలు ఏవీ లేవు. గోదావరి పూర్తి బరువుతో సుమారు 3,850 టన్నులు. 1980లో చేరి, 2021లో విశాఖలోనే సేవ ముగించిన రాజ్‌పుత్ డిస్ట్రాయర్. దాని బరువు దాదాపు 5,000 టన్నులు. ఇప్పటి ఉదయగిరి ఫ్రిగేటే, కానీ బరువు సుమారు 6,700 టన్నులు. అంటే ఈనాటి ఫ్రిగేట్ ఆనాటి డిస్ట్రాయర్ కంటే చాలా బరువైనది. కాబట్టి "ఫ్రిగేట్" అన్న మాట విని పరిమాణం ఊహించుకోవడం కుదరదు. ఆ నౌకకు ఆ దేశం ఏ పని అప్పగించిందో మాత్రం కొంతవరకు తెలుస్తుంది.

ఇక "గైడెడ్ మిసైల్" అన్నది. వదిలాక తన దారి తాను సరిచేసుకుంటూ, లేదా నౌక నుంచి వచ్చే సూచనలతో సరిచేసుకుంటూ లక్ష్యాన్ని చేరే క్షిపణి. శత్రు నౌకలపై ప్రయోగించే రకం, మీదికి వచ్చే విమానాలపై ప్రయోగించే రకం, రెండూ గోదావరిపై ఉండేవి. మొదటిది సోవియట్ తయారీ టెర్మిట్ కుటుంబానికి చెందినది. పాశ్చాత్య దేశాలు దాన్ని "స్టిక్స్" అనేవి. అలాంటివి నాలుగు. రెండోది కూడా సోవియట్‌దే, పేరు ఓసా-ఎం.

చిన్న పడవల నుంచి ఫ్రిగేట్ మీదికి

1967 అక్టోబర్ 21న ఈజిప్టుకు చెందిన చిన్న క్షిపణి పడవలు స్టిక్స్ క్షిపణులతో ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాట్‌ను ముంచేశాయి. పెద్ద ఫిరంగులున్న నౌకను చిన్న పడవ అంత దూరం నుంచి ముంచగలదని ప్రపంచ నౌకాదళాలన్నీ ఆ రోజు చూశాయి. నాలుగేళ్ళకు, 1971 డిసెంబర్ 4 రాత్రి, మన నౌకాదళం అదే రకం క్షిపణులతో కరాచీ దగ్గర పాకిస్తాన్ నౌకలను ముంచింది.

ఆ దాడిలో గమనించాల్సిన విషయం ఒకటుంది. క్షిపణి పడవలు తీర రక్షణకు ఉద్దేశించినవి. ఎక్కువ దూరం వెళ్ళలేవు. కరాచీ దాకా చేర్చడానికి వాటిని పెద్ద నౌకలకు కట్టి లాక్కెళ్ళాల్సి వచ్చింది. ఆయుధం గొప్పదే, మోసే పడవే సరిపోలేదు.

అదే యుద్ధంలో డిసెంబర్ 9న మన ఫ్రిగేట్ ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతో పాటే వెళ్ళిపోయారు. జలాంతర్గామిని దూరంగానే కనిపెట్టగల సాధనాలు లేని ఫ్రిగేట్‌కు ఎంత ప్రమాదమో ఆ సంఘటన నేర్పింది.

ఈ రెండు అనుభవాలూ కలిసి గోదావరి రూపురేఖలను నిర్ణయించాయని నా అభిప్రాయం. దూరం వెళ్ళగల నౌకపై నౌకా విధ్వంసక క్షిపణులు ఉండాలి. జలాంతర్గాములను వెతకడానికి ఒకటి కాదు, రెండు పెద్ద సీకింగ్ హెలికాప్టర్లు ఉండాలి. అప్పటికి మన ఏ ఫ్రిగేట్‌పైనా ఇవి రెండూ కలిపి లేవు.

అదే ఇంజన్, ఇంకా పెద్ద నౌక

అప్పటికే ముంబైలోని మజగావ్ డాక్‌లో బ్రిటన్ వాళ్ళ లియాండర్ డిజైన్‌తో ఫ్రిగేట్లు కడుతున్నారు. 1972లో చేరిన నీలగిరి మొదలు మొత్తం ఆరు. వాటి ఆవిరి టర్బైన్లు 30,000 హార్స్‌పవర్ ఇచ్చేవి. కొత్త నౌక ఇంకా పెద్దదిగా ఉండాలి, కానీ ఇంజన్ మార్చడానికి వీల్లేదు. ఎందుకంటే దేశానికి అలవాటైనది, అందుబాటులో ఉన్నది అదొక్కటే.

బరువు దాదాపు 3,000 టన్నుల నుంచి 3,850 టన్నులకు పెరుగుతుంటే, అదే ఇంజన్‌తో వేగం బాగా తగ్గాలి కదా అనిపిస్తుంది. తగ్గింది ఒక నాట్ (గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) అటూ ఇటూ మాత్రమే. దీనికి కారణం నీటిలో పుట్టే అలలు.

నౌక ముందుకు వెళ్తుంటే తన చుట్టూ అలలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అలలను లేపడానికే ఇంజన్ శక్తిలో ఎక్కువ భాగం ఖర్చవుతుంది. ఈ భారం ఎక్కడ విపరీతమవుతుందన్నది నౌక పొడవు వర్గమూలంపై ఆధారపడి ఉంటుంది. లియాండర్ పొడవు సుమారు 113.4 మీటర్లు, గోదావరిది 126.4 మీటర్లు. అంటే పొడవు 11 శాతానికి పైగా పెరిగింది. దాని వర్గమూలం లెక్క వేస్తే 5 నుంచి 6 శాతం వస్తుంది. లియాండర్ 28 నాట్ల దగ్గర ఎదుర్కొనే అలల పరిస్థితిని గోదావరి దాదాపు 29.5 నాట్ల దగ్గర గానీ ఎదుర్కోదు. పెరిగిన బరువు వేగాన్ని కిందికి లాగితే, పెరిగిన పొడవు పైకి లాగింది. రెండూ కలిసి నౌక సుమారు 27 నాట్ల దగ్గర నిలబడింది.

కంప్యూటర్లు అరుదైన ఆ రోజుల్లో నౌకాదళ సొంత డిజైన్ విభాగం కాగితాల మీద, నమూనా పరీక్షల మీద ఈ లెక్క తేల్చి, పై అధికారులను ఒప్పించింది. 1978 జూన్‌లో నిర్మాణం మొదలైంది, 1980 మే నెలలో జలప్రవేశం జరిగింది. ఆ తర్వాత ఆయుధాలు, యంత్రాలు బిగించి సిద్ధం చేయడానికి మరో మూడున్నరేళ్ళు పట్టింది. నౌక గుల్ల కట్టడం కంటే దాని లోపలి పనే ఎంత కష్టమో ఈ తేదీలే చెబుతాయి.

నాలుగు దేశాల పరికరాలు ఒకే నౌకలో

గోదావరిపై క్షిపణులు, ఫిరంగులు సోవియట్‌వి. దూరాన్ని చూసే రాడార్ డచ్ డిజైన్. పోరాట సమాచారాన్ని ఒకచోట చేర్చే కంప్యూటర్ వ్యవస్థ, టార్పెడో గొట్టాలు ఇటలీవి. హెలికాప్టర్లు, ఇంజన్ల మూలం బ్రిటన్. వీటన్నిటినీ మోసే నౌక, వాటిని కలిపే పని మనవి.

ఇది వినడానికి తేలికగా ఉంటుంది. ఒక్క కరెంటు సంగతే చూడండి. సోవియట్ పరికరాలు 380 వోల్టుల, 50 హెర్ట్జ్ విద్యుత్తుతో నడుస్తాయి. బ్రిటిష్ పద్ధతి యుద్ధనౌకలో ఉండేది 440 వోల్టులు, 60 హెర్ట్జ్. ఒకే నౌకలో రెండు రకాల విద్యుత్తూ అందించాలి. తర్వాత కొలతల తేడాలు, తంతుల తేడాలు, మాన్యువల్స్ భాషల తేడాలు. ఇటలీ కంప్యూటర్ అందుకున్న సమాచారం సోవియట్ క్షిపణికి అర్థమయ్యే రూపంలో చేరాలి. ఒక రాడార్ పని చేస్తుంటే దాని తరంగాలు పక్క రాడార్‌ను గందరగోళపరచకూడదు. ఈ పరికరాలు తయారు చేసిన దేశాలు ఒకదానికొకటి ప్రత్యర్థి కూటముల్లో ఉండేవి, కాబట్టి కలిసి కూర్చుని సాయం చేసే ప్రసక్తే లేదు.

1986 జూలైలో న్యూయార్క్‌లో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ శతజయంతి సందర్భంగా జరిగిన అంతర్జాతీయ నౌకా ప్రదర్శనకు గోదావరి వెళ్ళింది. కోల్డ్ వార్ ఇంకా నడుస్తున్న రోజులవి. సోవియట్ క్షిపణి గొట్టాలు, పాశ్చాత్య రాడార్ ఒకే నౌకపై కనిపించడం అక్కడ అందరి దృష్టినీ ఆకర్షించింది.

ఈ కలగలుపు మంచిదా కాదా అన్నదానిపై రెండు వాదనలున్నాయి. సమర్థించేవారు చెప్పేది: ఏ ఒక్క దేశం సరఫరా ఆపినా నౌక మూలన పడదు, పైగా వేర్వేరు వ్యవస్థలను కలపడం నేర్చుకోవడం వల్లే తర్వాతి మన నౌకలు సాధ్యమయ్యాయి. విమర్శించేవారు చెప్పేది: నాలుగు దేశాల విడిభాగాలు నిల్వ ఉంచాలి, నాలుగు రకాల శిక్షణ ఇవ్వాలి, 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు విడిభాగాల కోసం పడిన అవస్థ తక్కువది కాదు. రెండు వాదనల్లోనూ నిజముంది. అయితే 1970లలో ఈ ఆయుధాలన్నీ ఇంట్లోనే తయారు చేసుకునే దారి మనకు లేదన్నది మరిచిపోకూడదు. కలపడమా, మొత్తం నౌకనే బయట కొనుక్కోవడమా అన్న రెండింటి మధ్యే అప్పుడు ఎంచుకోవాల్సి వచ్చింది. వాళ్ళు కష్టమైనదాన్ని ఎంచుకున్నారు, ఆ నిర్ణయానికి గౌరవం దక్కాలి.

80 కిలోమీటర్ల క్షిపణికి కళ్ళు ఎవరు

గోదావరిపై పెట్టిన టెర్మిట్ రకం పరిధి సుమారు 80 కిలోమీటర్లు. కానీ నౌకపై ఉన్న రాడార్ అంత దూరంలోని మరో నౌకను చూడలేదు, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. దూరంగా ఉన్న నౌక క్షితిజం కిందికి దిగిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. రాడార్ ఎత్తు, లక్ష్యం ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే, రాడార్ ఎంత దూరం చూడగలదో కిలోమీటర్లలో వస్తుంది. రాడార్ 25 మీటర్ల ఎత్తున ఉంది, శత్రు నౌక 16 మీటర్ల ఎత్తు ఉంది అనుకుందాం. వర్గమూలాలు 5, 4. మొత్తం 9. దాన్ని 4.12తో గుణిస్తే 37 కిలోమీటర్లు. క్షిపణి పరిధిలో సగం కూడా లేదు.

ఇప్పుడు 400 మీటర్ల ఎత్తున ఎగిరే హెలికాప్టర్ రాడార్‌తో చూద్దాం. వర్గమూలాలు 20, 4. మొత్తం 24. వచ్చేది దాదాపు 99 కిలోమీటర్లు. హెలికాప్టర్ లేని నౌకకు 80 కిలోమీటర్ల క్షిపణి ఉన్నా సగం పరిధే చేతిలో ఉన్నట్టు.

ఇంకో లెక్క. ఆ క్షిపణి సెకనుకు సుమారు 300 మీటర్లు వెళ్తుంది. 80 కిలోమీటర్లకు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా 25 నాట్ల వేగంతో పోయే శత్రు నౌక దాదాపు మూడున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది. అందుకే క్షిపణి ముక్కులో సొంత వెతుకుడు పరికరం ఉంటుంది. కానీ ఆ పరికరం ఒక మామూలు సరుకు ఓడనూ యుద్ధనౌకనూ నమ్మకంగా వేరు చేయలేదు. రద్దీగా ఉండే సముద్రంలో ఇలాంటి క్షిపణి వదలడం ఎంత బరువైన నిర్ణయమో దీన్ని బట్టి ఊహించవచ్చు. గోదావరి ఎదుర్కొన్న నిజమైన సంఘటనలన్నిటిలోనూ ఈ విషయమే అడుగున ఉంది.

1988 నవంబర్: మాల్దీవుల సముద్రంలో

1988 నవంబర్ 3 తెల్లవారుజామున మాల్దీవుల రాజధాని మాలేపై సాయుధులు దాడి చేశారు. అబ్దుల్లా లుథుఫీ అనే మాల్దీవుల వ్యాపారి, అతనికి తోడు శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ప్లాట్‌కు చెందినవాళ్ళు. అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ దాక్కుని, పలు దేశాల సాయం కోరారు. భారత్ ఒప్పుకుంది. ఆ రాత్రే ఆగ్రా నుంచి బయల్దేరిన విమానాల్లో మన పారాట్రూపర్లు హుల్‌హులే విమానాశ్రయంలో దిగారు. దీన్నే ఆపరేషన్ కాక్టస్ అంటారు.

పారాట్రూపర్లు దిగేసరికి తిరుగుబాటుదారులు ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడను పట్టుకుని, బందీలతో సముద్రంలోకి పారిపోయారు. వాళ్ళ దిశ శ్రీలంక వైపు. ఇక్కడి నుంచి కథ నౌకాదళానిది. గస్తీ విమానాలు ఓడ ఆచూకీ పట్టాయి. గోదావరి, దానితో పాటు పాత ఫ్రిగేట్ బేత్వా దాన్ని వెంటాడాయి.

చట్టం సంగతి కూడా చూడాలి. అంతర్జాతీయ జలాల్లో ఒక దేశపు యుద్ధనౌక దారినపోయే ఓడను ఆపి కాల్చడానికి మామూలుగా వీల్లేదు. మాల్దీవుల ప్రభుత్వమే అడిగింది కాబట్టి, పారిపోతున్నది ఆ దేశంపై తిరుగుబాటు చేసినవాళ్ళు కాబట్టి భారత్‌కు ఆధారం దొరికింది. ఓడ వేరే దేశపు తీర జలాల్లోకి వెళ్ళిపోతే లెక్క మారిపోతుంది. అందువల్ల సమయం తక్కువ.

మరి ఏ ఆయుధం వాడాలి? టెర్మిట్ క్షిపణి పేలుడు భాగం బరువే సుమారు అర టన్ను. అది తగిలితే ఓడ, తిరుగుబాటుదారులు, బందీలు అందరూ పోతారు. కాబట్టి ఆ నౌకకు పేరు తెచ్చిన ఆయుధం అక్కడ ఎందుకూ పనికిరాలేదు. పనికొచ్చినవి వేరే ఉన్నాయి: ఓడ వెంటపడి చేరుకోగల వేగం, హెలికాప్టర్లు, చర్చలు జరపడానికి వైర్‌లెస్, కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచడానికి ఫిరంగులు. లొంగిపొమ్మని చెప్పారు. హెచ్చరిక కాల్పులు జరిపారు. వినకపోయేసరికి ఓడపైనే కాల్చారు. నవంబర్ 6న తిరుగుబాటుదారులు లొంగిపోయారు. మన నావికులు ఓడెక్కి బందీలను బయటికి తెచ్చారు. దెబ్బతిన్న ప్రోగ్రెస్ లైట్ తర్వాత మునిగిపోయింది.

బందీల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ బాధ విజయం మాటున పడిపోకూడదు. కాల్పులు మరికొంత ఆలస్యం చేసి చర్చలు సాగించాల్సిందన్న వాదన ఉంది. ఆలస్యమైతే ఓడ శ్రీలంక జలాల్లోకి జారుకునేది, బందీలు మొత్తం చేజారేవారు అన్న వాదనా ఉంది. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. కానీ ప్రాణాలు పోయిన కుటుంబాలకు ఆ లెక్క ఎలా వినిపిస్తుందో వేరే సంగతి.

సోమాలియా తీరం

1994 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి తరఫున సోమాలియాలో పనిచేసిన మన సైనిక దళాలు తిరిగి వస్తుంటే, గంగ, గోదావరి, సరఫరా నౌక శక్తి ఆ తీరంలో కాపలా ఉన్నాయి. అంత దూరం ఎలా వెళ్ళి ఉండగలిగాయి? గోదావరి 12 నాట్ల వేగంతో సుమారు 4,500 నాటికల్ మైళ్ళు వెళ్ళగలదు. అంటే 375 గంటలు, పదిహేను రోజులకు పైగా. తోడుగా ఇంధనం ఇచ్చే నౌక ఉంటే ఇంకా ఎక్కువ. 1971లో కరాచీ దాకా లాక్కెళ్ళాల్సి వచ్చిన క్షిపణి పడవలతో పోలిస్తే ఇదే అసలు తేడా.

2011 జూన్: ఎంవీ సూయజ్ దగ్గర ఎవరిది తప్పు

గోదావరి పేరు మళ్ళీ పతాక శీర్షికల్లోకి వచ్చింది 2011లో. ఈజిప్టు యజమానులది, పనామా జెండాతో నడిచే ఎంవీ సూయజ్ ఓడను 2010 ఆగస్టులో సోమాలీ సముద్రపు దొంగలు పట్టుకున్నారు. అందులో 22 మంది: 11 మంది ఈజిప్టువాళ్ళు, ఆరుగురు భారతీయులు, నలుగురు పాకిస్తానీలు, ఒక శ్రీలంక వ్యక్తి. పది నెలల తర్వాత డబ్బు చెల్లించి విడిపించారు. ఆ డబ్బు సమకూర్చడంలో పాకిస్తాన్ మానవ హక్కుల కార్యకర్త అన్సార్ బర్నీ ముఖ్యపాత్ర పోషించారు.

విడుదలైన ఓడకు రక్షణగా పాకిస్తాన్ ఫ్రిగేట్ బాబర్ వచ్చింది. భారతీయ నావికులు ఉన్నారు కాబట్టి గోదావరి కూడా వెళ్ళింది. జూన్ మధ్యలో రెండు యుద్ధనౌకలూ ఒకదానికొకటి రాసుకున్నాయి. గోదావరి హెలికాప్టర్ డెక్ చుట్టూ ఉండే రక్షణ వలలు దెబ్బతిన్నాయి. ఎవరికీ గాయాలు కాలేదు.

భారత్ చెప్పింది: బాబర్ ప్రమాదకరంగా దగ్గరికి వచ్చి రాసుకుంది. సూయజ్ ఓడ మా పిలుపులకు స్పందించలేదు. పాకిస్తాన్ చెప్పింది: మానవతా సాయం చేస్తున్న మా నౌకకు గోదావరే అడ్డుపడింది, ప్రమాదకరంగా నడిపింది. రెండు దేశాలూ దౌత్య మార్గంలో నిరసన తెలిపాయి.

రెండు దేశాలూ వేలెత్తి చూపిన పత్రం 1991 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం. సైనిక విన్యాసాల గురించి ముందే తెలియజేసుకోవడానికి రాసుకున్నది. అందులో ఒక నిబంధన: అంతర్జాతీయ జలాల్లో ఇరు దేశాల యుద్ధనౌకలు ఒకదానికొకటి మూడు నాటికల్ మైళ్ళ కంటే దగ్గరికి రాకూడదు. అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్లు.

సూయజ్ దగ్గర ఈ నిబంధనను పెట్టి చూడండి. ఆ ఓడకు ఇరువైపులా చెరో కిలోమీటరు దూరంలో రెండు నౌకలూ ఉన్నాయనుకుందాం. వాటి మధ్య రెండు కిలోమీటర్లే. ఇద్దరూ ఒకే ఓడకు దగ్గరగా కాపలా ఉండాలనుకుంటే ఇద్దరూ ఒప్పందం మీరినట్టే. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి, కానీ ఎవరు తగ్గాలో ఒప్పందం చెప్పదు. ఇక అన్ని ఓడలకూ వర్తించే 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వెనక నుంచి దాటిపోయే ఓడే పక్కకు తప్పుకోవాలి. పైగా ఢీకొనే ప్రమాదం కనిపిస్తే ఇద్దరూ తప్పించుకునే ప్రయత్నం చేయాలి. ఎవరు ఎవరిని దాటుతున్నారు అన్నది ఆ క్షణంలోని దిశ, వేగం లెక్కలు తీస్తేగాని తేలదు. బయటికి వచ్చిన వీడియో ఒక కోణం నుంచి తీసినది, దాన్నిబట్టి గట్టిగా తీర్పు చెప్పడం సరికాదు.

దేశాభిమానం ఒక జవాబు వైపు లాగుతుంది, అది సహజం. కానీ ఇంతలో అసలు మనుషుల సంగతి? సూయజ్ కొద్ది రోజుల్లోనే మునిగిపోయింది. నావికులను అప్పటికే పాకిస్తాన్ నౌకపైకి ఎక్కించారు. మరో పాక్ నౌక జుల్ఫికర్ వాళ్ళను కరాచీ చేర్చింది. ఆరుగురు భారతీయులూ అక్కడి నుంచి విమానంలో ఇంటికి వచ్చారు.

వాడని ఆయుధానికి విలువ కట్టడం

32 ఏళ్ళలో గోదావరి తన నౌకా విధ్వంసక క్షిపణిని శత్రువుపై వదలాల్సిన అవసరం రాలేదు. అందుకని అంత ఖర్చు వృథా అనేవాళ్ళున్నారు. మాల్దీవుల్లోనూ, సోమాలియాలోనూ, సూయజ్ దగ్గరా చేసిన పనులకు హెలికాప్టర్ మోసే గస్తీ నౌక సరిపోయేది, అది చాలా చవక అన్నది వారి వాదన. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. మన నౌకాదళం తర్వాతి కాలంలో క్షిపణులు లేని పెద్ద గస్తీ నౌకలను కూడా కట్టుకుంది.

అవతలి వాదన: క్షిపణి ఉన్న నౌక ఎదురుగా ఉన్నప్పుడు ప్రత్యర్థి లెక్కలు మారతాయి. ఆ మార్పు ఏ రికార్డులోనూ కనిపించదు, ఎందుకంటే జరగని దాడికి తేదీ ఉండదు. పైగా నౌక కట్టడానికి ఐదారేళ్ళు పడుతుంది, యుద్ధం వచ్చాక మొదలుపెడితే లాభం లేదు.

దీనికి నేను ఒకటి చేరుస్తాను. ఫ్రిగేట్‌లో క్షిపణి, హెలికాప్టర్, దూరప్రయాణ సామర్థ్యం వేర్వేరు సరుకులు కావు. నౌక పొడవు పెంచింది క్షిపణులకూ హెలికాప్టర్లకూ కలిపి చోటు కోసమే. రెండు సీకింగ్‌లు కావాలన్నది యుద్ధంలో జలాంతర్గాముల భయంతో, కానీ పెద్ద హెలికాప్టర్ మోసే ఆ డెక్కు, అంత పెద్ద నౌక శాంతికాలంలో ఓడలను వెతకడానికి, మనుషులను చేరవేయడానికి పనికొచ్చాయి. యుద్ధం కోసం అడిగినదాన్ని తీసేసి ఉంటే శాంతికాలంలో వాడుకున్నదీ ఉండేది కాదు.

గోదావరి తప్పుకున్నాక

చివరి ఏళ్ళలో గోదావరిని వెనక్కి లాగింది దాని ఇంజనే. ఆవిరి యంత్రాలకు బాయిలర్లు వేడెక్కి నౌక కదలడానికి గంటలు కావాలి, గ్యాస్ టర్బైన్లు నిమిషాల్లో సిద్ధమవుతాయి. ఆవిరి గదుల్లో పనిచేయడానికి ఎక్కువమంది కావాలి. గోదావరి సిబ్బంది 300కు పైనే. దాదాపు రెట్టింపు బరువున్న నేటి ఫ్రిగేట్లను అంతకంటే తక్కువమంది నడుపుతున్నారు. టెర్మిట్ క్షిపణి కూడా పాతబడింది. ద్రవ ఇంధనంతో నడిచే, నెమ్మదైన, రాడార్‌కు తేలిగ్గా కనిపించే పెద్ద క్షిపణి అది. కొత్త ఫ్రిగేట్లపై ధ్వనికి మించిన వేగంతో పోయే బ్రహ్మోస్ ఎనిమిదేసి ఉన్నాయి.

2015లో గోదావరి, 2018లో గంగ, 2022లో గోమతి వరుసగా సేవల నుంచి తప్పుకున్నాయి. వాటి డిజైన్‌ను మెరుగుపరిచి కట్టిన బ్రహ్మపుత్ర, బేత్వా (1988 నాటి బేత్వా కాదు, అదే పేరున్న కొత్త నౌక), బియాస్ 2000 నుంచి 2005 మధ్య చేరాయి. వాటి చరిత్రలో కష్టాలు ఎక్కువే. 2016 డిసెంబర్‌లో ముంబై డ్రైడాక్‌లో (నీళ్ళు తోడేసి నౌకలను మరమ్మతు చేసే చోటు) బేత్వా పక్కకు ఒరిగి ఇద్దరు నావికులు చనిపోయారు. 2024 జూలైలో మరమ్మతుల్లో ఉన్న బ్రహ్మపుత్రలో మంటలు చెలరేగి నౌక ఒరిగిపోయింది, ఒక నావికుడు ప్రాణం కోల్పోయాడు. రెండూ శత్రువు దెబ్బలు కావు, రేవులో జరిగిన ప్రమాదాలు.